ఊహ తెలిసిన బిడ్డ పేరు మీద చందాలు అడిగేటప్పుడు

దేశాంతర దత్తత సంస్థల నిర్వాహకులకు, ఆ సంస్థలకు గుర్తింపునిచ్చే అధికారులకు నమస్కారాలతో రాయునది.

మేము భార్యాభర్తలం. వేరే దేశంలో పుట్టి, అక్కడి బాలల సంరక్షణ గృహంలో ఏడేళ్లు గడిపిన ఒక అమ్మాయిని, తనకు పదకొండో ఏడు నడుస్తుండగా దత్తత తీసుకున్నాం. ఆ దత్తతకు కావలసినంత సొమ్ము మా దగ్గర లేదు. జీతాల్లోంచి దాచుకున్నది మొత్తం ఖర్చులో మూడో వంతుకు కూడా సరిపోకపోవడంతో, మిగిలినదాని కోసం బంధువులను, తోటి ఉద్యోగులను, పరిచయస్తులను, వాళ్ల పరిచయస్తులను కూడా అడిగాం. అలా రెండేళ్లపాటు అడుగుతూనే ఉన్నాం. అడిగినందుకు మేము సిగ్గుపడటం లేదు, ఇచ్చినవాళ్ల రుణం తీర్చుకోగలమనీ అనుకోవడం లేదు. ఈ ఉత్తరం మేము అడిగిన తీరు గురించి. ఆ తీరును మాకు నేర్పింది మీలాంటి ఒక సంస్థే కాబట్టి, దాన్ని మార్చగల అధికారం మీ చేతుల్లోనే ఉంది కాబట్టి మీకు రాస్తున్నాం.

అమ్మాయి మా ఇంటికి వచ్చిన మూడో ఏడు, బడికి ఇవ్వవలసిన ఏదో ధ్రువపత్రం కోసం బీరువా సొరుగు వెతుకుతుంటే, రబ్బరు బ్యాండు వేసి ఉన్న కరపత్రాల కట్ట ఒకటి తన చేతికి దొరికింది. అప్పటికి మా భాష బాగా చదవడం వచ్చింది. పైన తన ఫోటో ఉంది. తనది కాని గౌను వేసుకుని, చేతులు రెండూ పక్కలకు అదిమిపెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడిన ఫోటో అది. దాని కింద, తల్లి వదిలేసిన బిడ్డ అని, దత్తతకు వీలున్న వయసు దాటిపోయేలోగా కాపాడటానికి కొద్ది నెలలే గడువు ఉందని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ కింద ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. అవి తన ఆరోగ్యానికి సంబంధించినవి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివి, ఇవి ఎంతమందికి పంచారని అడిగింది. లెక్క పెట్టలేదన్నాం. కాసేపు ఊరుకుని, "నా గురించి ఇంత రాశారు కదమ్మా, మీ గురించి ఒక్క ముక్కా లేదేం? డబ్బు లేనిది మీకు కదా?" అంది.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. తరువాత తనే ఇంకో మాట కూడా చెప్పింది: వాళ్లమ్మ తనను వదిలెయ్యలేదు, జబ్బుపడి పనికి పోలేక తీసుకొచ్చి అప్పగించింది, ఆ తరువాత రెండుసార్లు చూడటానికి వచ్చింది, మూడోసారి రాలేదు. ఈ సంగతి మాత్రం తప్పకుండా రాయమంది, అందుకే రాస్తున్నాం. మాకు అందిన దస్త్రంలో ఆ తల్లి గురించి ఉన్నది ఒకే ఒక్క మాట, 'వదిలివేయబడిన' అని. ఆ ఒక్క మాటను పట్టుకుని, నాలుగైదు వందల మంది ముందు ఒక తల్లి మీద నింద మోపాం. దత్తత దస్త్రాల్లో రాసినదంతా నిజమని నమ్మడానికి వీల్లేదని ఇప్పుడు లోకానికి తెలుసు. పుట్టుక వివరాలు తారుమారు చేసి, తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా నమోదు చేసి విదేశాలకు పంపిన ఉదంతాలకు ప్రభుత్వానిదే బాధ్యత అని దక్షిణ కొరియాలో గతకాలపు హక్కుల ఉల్లంఘనలను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2025 మార్చిలో ప్రకటించింది. దస్త్రంలోని మాట తప్పయితే దాన్ని పిల్లలు పెద్దయ్యాక సరిచేసుకోవచ్చు, కానీ ఆ మాటను అచ్చువేసి ఊరంతా పంచాక సరిచేయడం ఎవరి తరం?

ఆ కరపత్రం మేము మా బుద్ధితో రాసుకున్నది కాదని చెబితే అది తప్పించుకోవడం అవుతుంది. రాసింది మా చేతే. కానీ విరాళాలు ఎలా సేకరించాలో చెప్పే సూచనల పుస్తకం ఒకటి సంస్థ నుంచే మాకు అందింది. బిడ్డ ముఖం కనిపించే ఫోటో ఉంటే స్పందన బాగుంటుందని, గడువు ఎంత దగ్గరపడిందో స్పష్టంగా రాయాలని, కష్టాన్ని దాచవద్దని అందులో ఉంది. దాచవద్దన్నది ఎవరి కష్టమో మాకు అప్పుడు తట్టలేదు. మా సంపాదన ఎంత, ఎందుకు చాలలేదు, ఏ ఖర్చుకు ఎంత కావాలి అన్న సంగతులు రాయడానికి మాకు మొహమాటం అడ్డొచ్చింది. ఆ బిడ్డ బతుకు గురించి రాయడానికి మాత్రం ఏ మొహమాటమూ అడ్డురాలేదు.

దేశాల మధ్య జరిగే దత్తతలపై 1993 మే 29న కుదిరిన హేగ్ దత్తత ఒడంబడిక మీకు కొత్త కాదు. దాని 31వ అధికరణం, దత్తత ప్రక్రియలో సేకరించిన వ్యక్తిగత వివరాలను, ముఖ్యంగా దరఖాస్తుదారుల గురించీ బిడ్డ గురించీ తయారుచేసే నివేదికల్లోని వివరాలను, ఏ అవసరానికి సేకరించారో ఆ అవసరానికే వాడాలని చెబుతుంది. బిడ్డ ఆరోగ్య నివేదికను మాకు పంపింది ఆ బిడ్డను పెంచగలమా లేదా అని మేము ఆలోచించుకోవడానికి, చందాల పత్రంలో అచ్చువేసుకోవడానికి కాదు. పిల్లల గోప్యతలో అన్యాయంగా జోక్యం చేసుకోకూడదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణంలో ఉంది. ఈ రెండూ మీ కార్యాలయాల్లో ఉన్న పుస్తకాలే. వాటిలోని మాటకూ, మాకు అందిన సూచనల పుస్తకంలోని మాటకూ పొంతన లేదన్నది మీలో ఎవరికైనా ఇంతకుముందే తట్టి ఉండాలి.

పసిగుడ్డును దత్తత తీసుకునేవాళ్లకు ఈ బాధ కొంత ఆలస్యంగా ఎదురవుతుందేమో. ఊహ తెలిసిన బిడ్డ విషయంలో ఆలస్యం అంటూ ఉండదు. ఎనిమిదేళ్లకో, పదేళ్లకో, పదమూడేళ్లకో వచ్చే బిడ్డకు తన తల్లి గొంతు గుర్తుంటుంది, తనకన్నా చిన్నవాళ్లను ఎవరెవరు వచ్చి తీసుకెళ్లారో గుర్తుంటుంది, తనను ఎందుకు ఎవరూ తీసుకెళ్లలేదో తనకు తోచిన కారణమూ ఒకటి మనసులో ఉంటుంది. అలాంటి బిడ్డ కొత్త భాష నేర్చుకున్నాక చదివే మొదటి కాగితాల్లో తన మీద రాసిన చందా పత్రం కూడా ఉండటం ఎంత క్రూరమో మేము కళ్లారా చూశాం.

ఇక డబ్బు సంగతి. మా ఇల్లు బిడ్డను పెంచడానికి తగినదేనా అని చూసే గృహ పరిశీలన, సంస్థ రుసుము, ఆ దేశంలోని కార్యక్రమానికి కట్టవలసిన రుసుము, నోటరీలు, పత్రాలు వేరే దేశంలో చెల్లేలా వేయించే అపోస్టిల్ ముద్రలు, అనువాదాలు, వైద్య పరీక్షలు, వీసా, ప్రయాణాలు, అక్కడ రోజుల తరబడి బస. ఏదీ అనవసరం అనడం లేదు. మాకు కష్టమైనది ఇవన్నీ ఒక్కసారిగా తెలియకపోవడం. పోలీసు ధ్రువపత్రానికి గడువు తీరిపోతుంది, దాన్ని మళ్లీ తెచ్చుకునేలోగా వైద్య పత్రానికి గడువు తీరిపోతుంది, రెండూ చేతికొచ్చేసరికి గృహ పరిశీలన నివేదికను కొత్తగా రాయించుకోవాలంటారు. ప్రతిదానికీ మళ్లీ రుసుము. ఇంతే ఖర్చవుతుందని చందాలిచ్చినవాళ్లకు ఒక లెక్క చెప్పి, ఆరు నెలలకు ఇంకో లెక్కతో వాళ్ల గుమ్మం ముందు నిలబడటం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవాలి. అమెరికాలో హేగ్ ఒడంబడిక కింద దత్తతలు జరిపే సంస్థలు తమ రుసుములను పద్దులవారీగా, సేవలు మొదలుపెట్టకముందే, రాతపూర్వకంగా తెలియజేయాలన్న నిబంధన ఉంది. అది ప్రతి దేశంలోనూ ఉండాలి. రుసుములతోపాటు ఏ పత్రం ఎన్నాళ్లు చెల్లుతుందో, గడువు దాటితే ఎంత భారం పడుతుందో కూడా అందులో చేర్చాలి.

మా దత్తత చివరి అంచెలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. ప్రయాణానికి వారం ముందు, సంరక్షణ గృహానికి విరాళంగా ఇంత మొత్తం నగదు తీసుకెళ్లాలని మాకు కబురొచ్చింది. నోట్లు కొత్తవై ఉండాలి, మడతలు ఉండకూడదు, కవరు మీద ఏమీ రాయకూడదు. అక్కడ ఒక గదిలో ఆ కవరును బల్ల మీద పెట్టాం. ఎదురుగా కూర్చున్నవారు దాన్ని తెరవకుండానే సొరుగులో వేసుకున్నారు. రసీదు అడిగితే మా వెంట ఉన్న దుబాసీ ఆ మాటను అనువదించలేదు. దత్తత వల్ల ఎవరూ అనుచితమైన ఆర్థిక లాభం పొందకూడదని, సహేతుకమైన వృత్తి రుసుములతో సహా ఖర్చులను మాత్రమే వసూలు చేయాలని హేగ్ ఒడంబడిక 32వ అధికరణం చెబుతోంది. ఇవ్వకపోతే పని ముందుకు జరగదన్నప్పుడు అది విరాళం ఎలా అవుతుంది? మాకు చందాలిచ్చినవాళ్లలో పింఛను మీద బతికే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఇచ్చిన డబ్బు ఆ కవరులో చేరిందో, విమాన టిక్కెట్టుకు పోయిందో మేము చెప్పలేం. కానీ మేము ఆయనకు చూపించిన లెక్కలో ఆ కవరు పద్దు ఎదురుగా రసీదు సంఖ్య లేదు. ఆయన అడగలేదు. అడగకపోవడమే మాకు ఇంకా బరువుగా ఉంది.

డబ్బు మితిమీరి ప్రవహించిన చోట పిల్లల కోసం కుటుంబాలను వెతకడం పోయి, కుటుంబాల కోసం పిల్లలను వెతకడం మొదలవుతుందని గ్వాటెమాలా చరిత్ర చూపించింది. ఆ దేశం 2007 చివరలో కొత్త చట్టం చేసి పాత పద్ధతికి స్వస్తి చెప్పవలసి వచ్చింది. ఆ పాపంలో మంచి మనసుతో చందాలిచ్చినవాళ్ల సొమ్ము ఏమీ లేదని ఎవరూ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు. అందుకే రసీదు అన్నది మా మనశ్శాంతి కోసం అడుగుతున్న చిన్న విషయం కాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటి ఉంది. దాని గురించి మాట్లాడినవాళ్లను మేము ఎక్కడా చూడలేదు. నలుగురి దగ్గరా సొమ్ము తీసుకున్న కుటుంబానికి వెనక్కి తగ్గే స్వేచ్ఛ పోతుంది. హేగ్ ఒడంబడిక 4వ అధికరణం బిడ్డ వయసునూ పరిణతినీ బట్టి తన ఇష్టాన్నీ అభిప్రాయాన్నీ పరిగణించాలని, సమ్మతి అవసరమైన చోట అది స్వేచ్ఛగా, ప్రలోభం లేకుండా ఇచ్చినదై ఉండాలని చెబుతుంది. మా అమ్మాయిని అక్కడి న్యాయమూర్తి అడిగారు, వీళ్లతో వెళ్లడం నీకు ఇష్టమేనా అని. అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. తల వంచుకుని చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంది. నిమిషం గడిచింది, ఇంకా ఎక్కువే గడిచి ఉంటుంది. ఆ నిమిషంలో మా ఇద్దరి మనసుల్లో మెదిలింది తన భయం కాదు. వద్దంటే ఇంతమందికి ఏం చెప్పాలి, వాళ్ల డబ్బు ఎక్కడినుంచి తెచ్చి ఇవ్వాలి అన్న దిగులు. ఆ మాట ఒకరికొకరం చెప్పుకోవడానికి ఏడాది పట్టింది. బిడ్డ వద్దంటే గౌరవంగా తిరిగి వచ్చేయవచ్చని, అప్పుడు చందాల సొమ్ము ఏమవుతుందో ముందే అందరికీ తెలుసని ఒక ఏర్పాటు ఉండి ఉంటే, ఆ నిమిషంలో మేము తన ముఖం చూసి ఉండేవాళ్లం.

వద్దనేది బిడ్డే కానక్కర్లేదు, దేశమే తలుపు మూసేయవచ్చు. అమెరికన్లు రష్యా పిల్లలను దత్తత తీసుకోకుండా నిషేధించిన చట్టం 2013 జనవరి 1న అమల్లోకి వచ్చేనాటికి, అప్పటికే పిల్లలను కలిసి మాటిచ్చి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఇథియోపియా 2018 జనవరిలో విదేశీ దత్తతలను నిషేధించింది. దగ్గరి బంధువులు, సవతి తల్లిదండ్రులు తీసుకునే దత్తతలు తప్ప మిగిలినవి ఆపేస్తున్నట్లు చైనా 2024 సెప్టెంబరులో చెప్పినప్పుడు, కోవిడ్ నాటినుంచీ ఎదురుచూస్తున్న కుటుంబాలు వందల్లో ఉన్నాయి. వాళ్లలో చందాలు పోగుచేసుకున్నవాళ్లు ఎందరో, ఆ పిల్లల్లో తమకోసం ఎవరో వస్తున్నారని తెలిసినవాళ్లు ఎందరో. వయసు గడువు ఉన్నచోట ఈ ఎదురుచూపు మరీ కర్కశం. అమెరికా వలస చట్టంలో సాధారణంగా బిడ్డ 16వ పుట్టినరోజు లోపే దరఖాస్తు పడాలి, ఆ బిడ్డ తోబుట్టువును అదే కుటుంబం తీసుకున్నప్పుడు మాత్రం 18 వరకు వెసులుబాటు ఉంది. గడువు నిజమైనదే, దాన్ని కాదనడం లేదు. ఆ గడువును చూపించి భయపెట్టి డబ్బు అడగమని చెప్పడాన్నే కాదంటున్నాం.

అందరి దాతృత్వమూ విమానాశ్రయం దగ్గర ఆగిపోతుంది. పూలు, ఫోటోలు, కౌగిలింతలు అయ్యాయి, కరపత్రంలో అడిగిన మొత్తం ఆఖరి పైసాతో సహా ఖర్చయిపోయింది. అమ్మాయి వచ్చిన రెండో నెలలో, ఎడమవైపు నమలడం లేదని గమనించాం. అడిగితే ఏమీ లేదని తల ఊపేది. పంటి వైద్యురాలు చూస్తే ఒక దవడ పన్ను వేరుదాకా పుచ్చి ఉంది. ఎన్నాళ్లనుంచి నొప్పి అని ఫోనులో దుబాసీ చేత అడిగిస్తే, రెండు శీతాకాలాలనుంచి అని చెప్పింది. నొప్పి అని చెబితే వెనక్కి పంపేస్తారేమో అనుకుందట. ఈ పంటి సంగతి రాయడానికి తను ఒప్పుకుంది. ఆ పన్నుకు, దుబాసీకి, భాష నేర్పే పంతులమ్మకు, అన్నింటికన్నా ముఖ్యంగా తన లోపలి భయాలు తెలిసిన నిపుణుల దగ్గర కూర్చోబెట్టడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ కౌన్సెలింగు మొదటి నెలలో మొదలుకావలసింది, పద్నాలుగో నెలలో మొదలైంది. మధ్యలో గడిచిన ఏడాది మా ముగ్గురినీ ఎంత దూరం తోసిందో చెప్పడం కష్టం. అమెరికాలో దత్తతకు వెళ్లిన ఏడేళ్ల రష్యా అబ్బాయిని 2010 ఏప్రిల్‌లో చేతికి ఒక ఉత్తరమిచ్చి ఒంటరిగా మాస్కో విమానం ఎక్కించిన ఉదంతం చదివి లోకమంతా నివ్వెరపోయింది. మేమూ నివ్వెరపోయాం. ఆ పని ఎంతమాత్రం క్షమించరానిది. అయినా ఆ పద్నాలుగు నెలల తరువాత, సాయం అందని ఇంట్లో మనుషులు ఎంత త్వరగా చేతులెత్తేసే స్థితికి వస్తారో మాకు తెలిసింది.

కాబట్టి మేము అడుగుతున్నది ఇది. విరాళాలు సేకరించే కుటుంబం బిడ్డ ఫోటోను, పేరును, ఆరోగ్య వివరాలను, కన్నవారి గురించిన ఏ మాటనూ వాడకూడదని మీ ఒప్పంద పత్రంలోనే రాయండి, మీ సూచనల పుస్తకంలోంచి ఆ పేజీలను తీసేయండి. అడగవలసింది కుటుంబం తన గురించి చెప్పుకుని అడగాలి. చందాల సొమ్ము కుటుంబం చేతికి కాక ప్రత్యేక ఖాతాలోకి వెళ్లేలా, పద్దుకు రసీదు ఉంటేనే అందులోంచి బయటకు వచ్చేలా చూడండి. నగదు కవర్లను ఎవరు అడిగినా మీకు చెప్పమని కుటుంబాలకు ధైర్యమివ్వండి, చెప్పిన కుటుంబం దస్త్రం వెనక్కి పోదని హామీ ఇవ్వండి. దత్తత ఆగిపోతే మిగిలిన సొమ్ము ఏమవుతుందో, దాతలకు తిరిగి వెళుతుందో, వాళ్ల అనుమతితో ఇంకొకరికి వెళుతుందో, మొదటి రూపాయి తీసుకోకముందే తేల్చండి. బిడ్డ ఇల్లు చేరాక మొదటి రెండేళ్ల దుబాసీ, వైద్యం, కౌన్సెలింగు ఖర్చును మొత్తం అంచనాలో భాగంగా చూపించి, ఆ భాగం పక్కన పెట్టనిదే ప్రయాణ తేదీ ఇవ్వకండి. దీనివల్ల మొత్తం పెరుగుతుంది, కొన్ని కుటుంబాలు ఇంకా ఆలస్యంగా బయలుదేరవలసి వస్తుంది, ఆ ఆలస్యంలో ఏదో ఒక బిడ్డకు వయసు దాటిపోవచ్చు కూడా. ఆ భయం మాకూ ఉంది. అందుకే ఈ భాగాన్ని కుటుంబాల మీదే వేయకుండా, సంస్థల రుసుముల్లోంచి ఒక ఉమ్మడి నిధి ఏర్పాటు చేయమని గుర్తింపునిచ్చే అధికారులను కోరుతున్నాం. హేగ్ ఒడంబడిక ప్రకారం గుర్తింపు పొందిన సంస్థ లాభాపేక్ష లేకుండానే పనిచేయాలి కాబట్టి, ఇది అసాధ్యమైన కోరిక కాదని మా నమ్మకం.

ఫోటో లేకపోతే ఎవరూ ఇవ్వరని మీరు అనవచ్చు. మాకు అదే చెప్పారు. కౌన్సెలింగు ఖర్చుకోసం మేము రెండోసారి అడిగినప్పుడు, అమ్మాయి ఫోటో లేదు, కథ లేదు. మా ఇద్దరి జీతాలు, ఇంటి ఖర్చు, ఎంత తక్కువ పడుతోంది, ఎన్ని నెలలకు కావాలి, ఇంతే రాసి, కింద మా సంతకాలు పెట్టాం. రాస్తున్నప్పుడు చెయ్యి ఆడలేదు. మన సంగతి బయట పెట్టుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మొదటిసారి వచ్చినంత రాలేదు. కానీ పదకొండు నెలలకు సరిపడా వచ్చింది, ఆ పింఛను పెద్దాయన మళ్లీ ఇచ్చారు.

పాత కరపత్రాల కట్టను మేము చించేయబోతే అమ్మాయి ఆపింది. ఆ వయసులో తన ఫోటో తన దగ్గర ఇంకొకటి లేదు. కత్తెర తెచ్చి, ఒక కాగితంలోంచి ఫోటో వరకు కత్తిరించుకుని, అక్షరాలున్న భాగమంతా మా చేతికిచ్చింది.

ఈ ఉత్తరాన్ని పంపేముందు తనకు ఇచ్చి చదివించాం. తనకు ఇప్పుడు పదహారేళ్లు. పెన్సిలు తీసుకుని నాలుగో పేజీలో ఒక పేరా మొత్తం కొట్టేసింది. ఎందుకని మేము అడగలేదు. ఆ పేరా తీసేసి పంపుతున్నాం. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక అమ్మాయిని దత్తత తీసుకున్న తల్లిదండ్రులు